కింద సంతకం నీదేనా

పుల్లమ్మత్త కుడి చెయ్యి మా నూలు మిల్లులో దూది ఏకే కార్డింగ్ మెషిన్‌లో నలిగిపోయి ఆ బుధవారానికి యాభై రోజులు. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించినా ఆమె ఇంట్లో కూర్చోలేదు. పొద్దున్నే మిల్లు బస్సు వెనకాల ఆటోలో వచ్చి గేటు ముందు కూర్చునేది. ఆమె అడిగేది ఒక్కటే. తన తప్పు లేదని మిల్లు వాళ్ళు ఒక కాగితం రాసివ్వాలి. పరిహారం సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఆ కాగితం అనేది. ఫోన్ చూసుకుంటూ మెషిన్‌లో చెయ్యి పెట్టిందని మా ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు కానీ, ఆమె సొంత ఆడపడుచు దగ్గర్నుంచి పాలకేంద్రంలో క్యాన్లు కడిగే మనిషి దాకా అందరి నోటా అదే.

కార్మిక శాఖ నుంచి విచారణకు వస్తున్నారని మంగళవారం కబురొచ్చింది. మా మేనేజర్ గోపీచంద్ నన్ను తన గదిలోకి పిలిచాడు.

"రేపు పదకొండింటికి డాక్ తెరిచి పెట్టుకో దేవికా. నేను అడిగిన ఫైల్ చూపించు. అంతకుమించి నీకు పని లేదు."

ఏ ఫైల్ అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

డాక్ అంటే మిల్లు కాగితాలన్నీ స్కాన్ చేసి దాచే సాఫ్ట్‌వేర్. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది, మా వాళ్ళెవరికీ నోరు తిరగదు. మా నూలు కొనే విదేశీ కంపెనీలు తమ ఊళ్ళో కూర్చునే మా కాగితాలు చూసుకోవడానికి మూడేళ్ళ కిందట పట్టుబట్టి పెట్టించాయి. చెన్నై వాళ్ళొచ్చి బిగించి వెళ్ళారు. ఆ ఫోల్డర్లన్నీ నా చేతి కింద ఉంటాయి. నేను చేరిన రోజునే గోపీచంద్ చెప్పాడు: "డాక్‌లో ఉంటే జరిగినట్టు. లేకపోతే జరగనట్టు." నేను దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను కూడా. అప్పుడది నాకు గొప్ప మాటలా తోచింది.

మా మిల్లులో ఇంకో పద్ధతి ఉంది. అది బయటివాళ్ళకు చెబితే నమ్మరు. జీతాల రోజున ప్రతి మనిషీ నాలుగేసి తెల్లకాగితాల మీద, కింద కుడివైపు మూలన సంతకం పెట్టి వెళ్ళాలి. ఆ కాగితాలు నా బీరువాలో పచ్చ ఫైల్లో ఉంటాయి. ఆడిట్ దగ్గర పడ్డప్పుడు ఏ కాగితం కావాలంటే ఆ కాగితం. సంతకాల పైన ఉన్న ఖాళీలో అగ్నిప్రమాద శిక్షణ అనో, మంచినీళ్ళ ట్యాంక్ కడిగారు అనో ప్రింట్ కొడతాం. నేను స్కాన్ చేసి డాక్‌లోకి ఎక్కిస్తాను. వాటిలో జరిగినవి కొన్ని, జరగనివి చాలా. ఆఫీసు వాళ్ళమూ దీనికి మినహాయింపు కాదు, మేమూ నాలుగేసి ఇచ్చినవాళ్ళమే. వచ్చే సోమవారం ఆడిట్‌కి ఆఫీసు వాళ్ళ కాగితాలు కావాలంటే మంగళవారం సాయంత్రమే అవి తీసి గోపీచంద్ గదిలో ప్రింటర్‌లో పెట్టి ఇంటికి పోయాను. మా ఆఫీసుకంతా ప్రింటర్ అదొక్కటే. ఎవరేం ప్రింట్ తీసుకున్నా తన కంటబడాలని ఆయన గదిలోనే పెట్టించుకున్నాడు.

ఇదంతా తప్పని నాకు తెలియదని చెప్పను. తెలుసు. కానీ అది చలికాలం పొద్దుటి స్నానం లాంటిది. మొదటి చెంబు పోసుకునేదాకానే వణుకు.

* * *

విచారణకు వచ్చినావిడ పేరు ఝాన్సీలక్ష్మి. యాభై దాటి ఉంటాయి. నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో కాగితాల సంచీ. గోపీచంద్ తెప్పించిన కొబ్బరిబోండాం ముట్టుకోకుండా పక్కకు జరిపి, గీతల కాగితం తీసి, తనే రాసుకోవడం మొదలుపెట్టారు. పుల్లమ్మత్తని కుర్చీలో కూర్చోమన్నారు. అత్త నా వంక చూసింది. మేనేజర్ గదిలో కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. నేను గోడ మీది టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఒక మూలన నిలబడ్డాను.

"నువ్వు మిల్లులో ఏం పని చేసేదానివి పుల్లమ్మా?"

"ఊడ్చేదాన్నండీ. లోపల దూది పైనించి రాలతానే ఉంటది గదా, ఊడ్చి సంచులకెత్తేదాన్ని."

"మరి కార్డింగ్ మెషిన్ దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"నేను పోలేదండీ, పొమ్మన్నారు. ఆ మిషను చూసే పిల్ల ఆరోజు రాలా. తలుపు తీసి, లోపల పేరుకున్న దూది లాగవే అన్నాడు మేస్త్రి. మిషను ఆపమంటే, ఆపితే మళ్ళా అందుకోటానికి అరగంట పట్టిద్ది, నువ్వు లాగు అన్నాడు."

"అంతకుముందు ఆ మెషిన్ గురించి నీకెవరైనా నేర్పారా?"

"నాకెవరు నేర్పుతారండీ! చీపురెట్టా పట్టుకోవాలో కూడా ఎవురూ నేర్పలా."

ఝాన్సీలక్ష్మి గారి పెదవి కొంచెం కదిలింది. ఆ మాట కూడా రాసుకున్నారు.

"ఊళ్ళో ఏమంటన్నారో తెలుసాండీ?" అత్త ముందుకు వంగింది. "ఫోను చూస్తా చెయ్యి పెట్టానంట. గేటు కాడ ఫోను గుంజుకుని గూట్లో పెడితేనే గదా ఈళ్ళు మమ్మల్ని లోపలికి రానిచ్చేది. ఇంక నాకాడ ఫోను యాడిదండీ? ఆ మాట అనేవోళ్ళలో సగంమంది ఈ మిల్లులో చేసినోళ్ళే. ఆళ్ళకి తెలవదా?"

"మేడమ్," అన్నాడు గోపీచంద్. గొంతు మెత్తగా ఉంది. "ఆమె బాధ నేను కాదనను. మా మనిషే. కానీ బాధ వేరు, రికార్డు వేరు. దేవికా, ట్రైనింగ్ ఫోల్డర్ తెరువమ్మా. జూన్ పదకొండు."

నాకు జూన్ పదకొండు బాగా గుర్తుంది. అగ్నిప్రమాద శిక్షణ కాగితం ఎక్కించిన రోజు. ఆరోజు నిజంగానే శిక్షణ జరిగింది. ఆవరణలో పాత టైరు తగలబెట్టి, ఇసుక బకెట్లతో ఆర్పి, అందరం మజ్జిగ తాగాం. నిజంగా జరిగినవి తక్కువ కాబట్టి అలాంటివి గుర్తుంటాయి. ఆ ఫైల్ మీద నొక్కాను.

తెరుచుకున్నది అగ్నిప్రమాద శిక్షణ కాదు.

*కార్డింగ్ యంత్రం. భద్రతా శిక్షణ. నడుస్తున్న యంత్రం తలుపు తెరవకూడదని, లోపల చెయ్యి పెట్టకూడదని నాకు వివరంగా చెప్పారు. నాకు అర్థమైంది.*

కింద కుడివైపు మూలన సంతకం.

ఆ సంతకం ఎవరిదో చదవక్కర్లేదు నాకు. మొదటి అక్షరం కొమ్ము అవసరానికి మించి పైకి లేస్తుంది. నడిమి వత్తు గీత దాటి కిందికి జారుతుంది. చివరి అక్షరం అలిసిపోయి పక్కకు ఒరుగుతుంది. దాన్ని అలా పుట్టించింది నేనే. పోయిన ఏడాది ఆడిట్ వాళ్ళు వేలిముద్రలు ఎక్కువగా ఉన్నాయని మార్కులు తగ్గించారు. ఆడవాళ్ళకు సంతకాలు నేర్పమని గోపీచంద్ నాకు పురమాయించాడు. రోజూ అన్నాలప్పుడు, పనికిరాని ప్రింట్ల వెనకవైపు, ఇరవై ఆరు మందికి నేర్పాను. అందరికంటే ఎక్కువ రోజులు పట్టింది పుల్లమ్మత్తకే. పదకొండు రోజులు. పేరు మొత్తం తనంతట తాను రాసిన రోజున రూపాయి చాక్లెట్లు కొనుక్కొచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ పంచింది. "ఇయ్యాల్టి నుంచి బ్యాంకులో కూడా ఆ నల్ల సిరా అంటించుకునే పన్లేదే," అని నా బుగ్గలు పుణికింది.

"పుల్లమ్మా, ఇలా రా," అన్నారు ఝాన్సీలక్ష్మి గారు. "ఈ సంతకం నీదేనా?"

అత్త లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. ఎడమచేతి వేలితో ఆ అక్షరాలను ఒక్కొక్కటే తాకింది. తప్పిపోయిన మేకను సంతలో చూసినట్టు చూసింది.

"నాదే," అంది.

గోపీచంద్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ కాగితంలో ఏముందో నీకు తెలుసా?"

"చదవటం రాదండీ నాకు. నా పేరొక్కటే వచ్చు. అదుగో, ఆ పిల్లే నేర్పింది." కట్టు కట్టిన చెయ్యెత్తి నన్ను చూపించింది. చూపించడానికి ఆ చేతికి వేలు లేదు. "నేను పెట్టినప్పుడు దాని మీద ఏం లేదండీ. తెల్లగా ఉంది."

గోపీచంద్ నవ్వాడు. "తెల్లకాగితం మీద ఎవరైనా సంతకం పెడతారా మేడమ్? చిన్నపిల్లలు కూడా పెట్టరు."

ఝాన్సీలక్ష్మి గారు అతని వైపు చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని టీవీ మీద ఫైల్ పేరు పక్కన చిన్న అక్షరాలు చదివారు.

"ఎక్కించినవారు, దేవిక. జూన్ పదకొండు, ఉదయం పదిన్నర. దేవిక అంటే నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"ఆ రోజు ఈ ఫైల్ ఎక్కించింది నువ్వేనా?"

ఆ రోజు ఆ పేరుతో ఫైల్ ఎక్కించింది నేనే. ఎక్కించినది ఈ కాగితం కాదు. రెండు మాటలూ కలిపి చెప్తేనే నిజం అవుతుంది. రెండోది చెప్తే పచ్చ ఫైల్ సంగతి చెప్పాలి. నాలుగేసి కాగితాల సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ నేనేం చేశానో చెప్పాలి. గోపీచంద్ నా వైపు చూడటం లేదు, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"ఆ రోజు ఎక్కించింది నేనేనండీ," అన్నాను.

ఆవిడ రాసుకున్నారు. పెన్ను కాగితం మీద పాకుతున్న చప్పుడు నాకు వినిపించింది. పుల్లమ్మత్త నన్ను తిట్టలేదు. నా మొహంలో ఏదో వెతుక్కుని, అది దొరకనట్టు, తల దించుకుంది.

* * *

మెషిన్ చూస్తానని ఝాన్సీలక్ష్మి గారు లేచారు. గోపీచంద్ దారి చూపిస్తూ ముందు నడిచాడు. దసరా ఆయుధపూజకు కట్టిన బంతిపూల దండ ఎండిపోయి ఇంకా ఆ మెషిన్ తలుపుకే వేలాడుతోంది. తలుపు మీద కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. అత్త ఆసుపత్రిలో ఉండగా చేసిన పూజ అది.

నేను గ్లాసుతో నీళ్ళు తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళాను.

"అత్తా, నీళ్ళు."

"ఏందే, నీళ్ళక్కూడా సంతకం పెట్టాలా?"

"అట్టా అనమాక అత్తా."

"ఎట్టా అనమంటావు? వేలిముద్ర ఏసినన్నాళ్ళు చానా బాగున్నాన్నేను. పదకొండు రోజులు నా చెయ్యి పట్టుకుని దిద్దించావు. మా అమ్మ కూడా నన్ను అంత ఓపిగ్గా చూడలా. ఈ పిల్లకి నా మీద ఎందుకింత ప్రేమా అనుకున్నా." ఆమె గొంతు పెంచలేదు. "ఇప్పుడా చెయ్యీ లేదు, ఆ సంతకమూ లేదు. మళ్ళా ఎడం చేతి వేలే గతి. నీకేం, నీకాడ ఉన్నయ్యి గదా నా సంతకాలు, ఆ పచ్చ ఫైల్లో. ఇంకెన్ని ఉన్నయ్యే?"

మూడు ఉన్నాయి. నాకు తెలుసు.

"ఆరోజు వ్యాన్‌లో నా తల నీ ఒళ్ళో పెట్టుకుని ఏమన్నావు? నీకేం కాదత్తా, నేనున్నా అన్నావు. ఉన్నావులే. బాగానే ఉన్నావు."

గ్లాసు ఆమె పక్కన పెట్టి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె దాన్ని చేత్తో పక్కకు జరిపి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

నా సీటులో కూర్చుని ఆ ఫైల్ మళ్ళీ తెరిచాను. డాక్‌లో పైకి కనబడేది మొదటిసారి ఎక్కించిన వాళ్ళ పేరు, ఆ తేదీ మాత్రమే. ఆ తర్వాత ఎవరైనా దాని స్థానంలో ఇంకో కాగితం పెడితే పై పేరు మారదు. ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి మార్చారన్న జాబితా లోపలెక్కడో ఉంటుంది. చెన్నై వాళ్ళు నేర్పిన రోజున విని, ఎవరికీ అక్కర్లేని సంగతి అని మరిచిపోయాను. వెతికి పట్టుకున్నాను.

రెండే వరుసలు.

*ఒకటో కాగితం. దేవిక. జూన్ 11, ఉదయం 10:30. ఆఫీస్-3.*

*రెండో కాగితం. దేవిక. ఆగస్టు 19, సాయంత్రం 4:50. టైమాఫీస్-2.*

ఆగస్టు పంతొమ్మిది, నాలుగూ ఇరవైకి అత్త చెయ్యి మెషిన్‌లో పడింది. నాలుగూ యాభైకి మేం మిల్లు వ్యాన్‌లో యడ్లపాడు దాటుతున్నాం. నా చున్నీ అంతా ఆమె చేతికి చుట్టి ఉంది. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అరగంట. ఆమె ఇంకా ఆసుపత్రి గుమ్మం కూడా చూడకముందే ఇక్కడ ఎవరో పచ్చ ఫైల్ తీసి, ఆమె కాగితం ఏరి, పైన అక్షరాలు కొట్టి, నా పేరుతో ఎక్కించేశారు.

టైమాఫీసులో రెండో కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఒక్కరే.

* * *

లక్ష్మీనారాయణ బాబాయ్ మాకు చుట్టం కాదు. మా ఊరివాడు, మా నాన్నతో కలిసి పత్తి లారీలు ఎక్కినవాడు. నన్ను ఈ మిల్లులో చేర్పించింది ఆయనే. నేను వెళ్ళేసరికి హాజరు చీటీలు పిన్నులు కొడుతున్నాడు.

"బాబాయ్, ఆగస్టు పంతొమ్మిదిన నా పేరుతో డాక్ తెరిచింది నువ్వేనా?"

పిన్నులు కొట్టడం ఆగలేదు.

"నీ పాస్‌వర్డ్ నాకెట్టా తెలిసిద్ది అని అడగవేందమ్మాయ్?"

"నువ్వే పెట్టించావు గదా, చేరిన రోజు."

"ఊరి పేరు, ఒకటి రెండు మూడు. మూడేళ్ళయింది. మార్చుకోలా నువ్వు." పిన్నుల మిషను పక్కన పెట్టాడు. "మార్చుకుని ఉంటే నాకీ పాపం తప్పేది."

"నీ పేరుతో ఎక్కించుకోలేకపోయావా?"

"మేనేజరే నీ పేరుతో అన్నాడు. జూన్ ఫైల్ నీది గదా, నీ పేరైతే అతుకు కనబడదన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు." బాబాయ్ నా మొహం చూడకుండా కిటికీ వైపు చూశాడు. "ఆ పిల్ల మంచిదని అందరికీ తెలుసు, ఎవరూ అనుమానించరన్నాడు."

మంచిపిల్ల అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. బడిలో పంతులమ్మలు అన్నారు, మా అమ్మ అంటుంది. ఎదురు మాట్లాడని వాళ్ళకి అందరూ పెట్టే పేరే అది. దాన్ని ఎవరైనా ఇలా వాడుకోవచ్చని నాకు తట్టలేదు.

"పుల్లమ్మత్తది మన ఊరే బాబాయ్. వాళ్ళింట్లో నువ్వు అన్నం తిన్నావు."

"తిన్నా. నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. అది కూడా రాసుకో నీ డాక్‌లో." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇదిగో చూడు. ఆ జాబితా నువ్వు చూశావని ఎవరికీ చెప్పమాక. ఇయ్యాల ఐదింటికి చెన్నైవాళ్ళు పాత కాగితాలన్నీ, ఆ జాబితాతో సహా తుడిచేస్తారు. జాగా చాలటం లేదని పొద్దున్నే మెయిల్ పెట్టాడాయన. తర్వాత ఇంక ఒకటో కాగితమూ లేదు, రెండో కాగితమూ లేదు. ఉన్నదొక్కటే."

"అంటే అత్త తప్పే అని ఖాయం."

"డాక్‌లో ఉంటే జరిగినట్టు," అన్నాడు బాబాయ్, మళ్ళీ పిన్నుల మిషను అందుకుంటూ.

* * *

మూడున్నరకు ఝాన్సీలక్ష్మి గారు తిరిగొచ్చారు. గోపీచంద్ గదికీ నా సీటుకూ మధ్య అద్దాల తలుపు. లోపల ఆవిడ రాసింది చదివి వినిపిస్తున్నారు. మాటలు తెలియడం లేదు కానీ, గోపీచంద్ తల ఊపడం కనిపిస్తోంది. వాచ్‌మన్ వచ్చి పుల్లమ్మత్తని లోపలికి పిలుచుకెళ్ళాడు. బల్ల మీద సిరా డబ్బా తెరిచి ఉంది. అత్త వేలిముద్ర పడితే ఆ వాంగ్మూలం ముగుస్తుంది. ఆవిడ కారెక్కి వెళ్ళిపోతారు. ఐదింటికి చెన్నైలో ఎవరో ఒక మీట నొక్కుతారు.

తలుపు తోసుకుని వెళ్ళి చెప్పెయ్యాలి. లేచాను. రెండడుగులు వేసి ఆగాను. పొద్దున ఆవిడ సూటిగా అడిగినప్పుడే రాని మాట, ఇప్పుడు అడక్కుండా ఎలా వస్తుంది? మళ్ళీ కూర్చున్నాను. ఫోన్ ఉంటే ఫొటో తీసేదాన్ని. ఫోన్ గేటు దగ్గర గూట్లో ఉంది, అత్త ఫోన్ ఉండే గూటికి పక్కదాంట్లో.

తెర మీద ఆ రెండు వరుసలూ అలాగే ఉన్నాయి.

అప్పుడు ప్రింటర్ గుర్తొచ్చింది. నేనిక్కడ నొక్కితే కాగితం అక్కడ పడుతుంది. ఆయన గదిలో, ఆయన కుర్చీకి నాలుగు అడుగుల్లో. కానీ ఇప్పుడు ప్రింటర్‌కి దగ్గరగా కూర్చున్నది ఆయన కాదు. ఝాన్సీలక్ష్మి గారు. నేను నోరు విప్పక్కర్లేదు. నా బదులు ఆ ప్రింటర్ చెబుతుంది. టైమాఫీస్-2 అని ఉంటుంది, నాలుగూ యాభై అని ఉంటుంది. ఆ సమయానికి నేనెక్కడున్నానో ఆసుపత్రి రిజిస్టరే చెబుతుంది.

లోపల అత్త ఎడమచేతి బొటనవేలిని సిరాలో అద్దుతోంది.

నొక్కాను.

ప్రింటర్ ఒకసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టింది. గోపీచంద్ తల తిప్పాడు. అంతలోనే కాగితం బయటికి జారింది. ఝాన్సీలక్ష్మి గారు చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను లేచి తలుపు దాకా వచ్చాను. ఇప్పుడు నాకు భయం లేదు. యాభై రోజుల్లో మొదటిసారి, ఊపిరి గుండెల్లోకి పూర్తిగా దిగింది.

ఆవిడ చదివారు. కాగితం పైనుంచి కిందికి వచ్చారు. కింద ఎక్కడో ఆగారు.

గోపీచంద్ ఆవిడ భుజం పక్కనుంచి తొంగి చూశాడు. అతని మొహం ముందు తెల్లబోయింది. తర్వాత ఆ చూపు కూడా కాగితం కిందికి జారింది. నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, నవ్వాడు.

ఆ నవ్వు చూసేదాకా నాకు తట్టలేదు. ప్రింటర్‌లో ఏ కాగితాలు ఉన్నాయో, వాటిని నిన్న సాయంత్రం ఎవరు పెట్టారో. హాజరు పుస్తకంలో ఉన్న వరసలోనే ఒకదాని మీద ఒకటి పెట్టాను, ఎప్పటిలాగే, కొత్తగా చేరినవాళ్ళవి పైన. ఆఫీసులో అందరికంటే కొత్తదాన్ని నేనే.

"పుల్లమ్మ శిక్షణ కాగితాన్ని ఆగస్టు పంతొమ్మిదిన మార్చింది దేవిక. అని ఉంది దీంట్లో." ఝాన్సీలక్ష్మి గారు కాగితాన్ని నా వైపు తిప్పి పట్టుకున్నారు. పైన ఫైల్ పేరు, రెండు వరుసలు, వాటి కింద పేజీ నిండా ఖాళీ, కుడివైపు మూలన నీలం సిరాతో నా పేరు. "ప్రింట్ పంపింది కూడా నువ్వే. ఒప్పుకోవడానికి పంపావా అమ్మా?"

ఆవిడ పెన్ను మొనతో ఆ మూలన తట్టారు.

"కింద సంతకం నీదేనా?"

పుల్లమ్మత్త వేలు కాగితానికి బెత్తెడు పైన ఆగిపోయింది. ఆ వేలి చివర సిరా నల్లగా మెరుస్తోంది. తల ఎత్తి, పొద్దుట్నుంచి మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. నేనేమంటానా అని.